ఓడిన ఆటను మళ్లీ తెరవండి

మా పాత వరంగల్ జిల్లాలో చదరంగం ఇప్పుడు అరుగుల మీద కంటే ఫోన్లలోనే ఎక్కువ నడుస్తోంది. జనగామ స్టేషన్‌లో కాజీపేట వైపు బండి కోసం చూస్తూ కూర్చున్న డిగ్రీ పిల్లలు, మహబూబాబాద్‌లో మిర్చి బస్తాల పక్కన కాంటా కోసం కాచుకునే కుర్రవాళ్లు, భూపాలపల్లిలో షిఫ్టు దిగి ఇంటికొచ్చిన సింగరేణి కార్మికులు... వీళ్లలో రోజూ ఆన్‌లైన్‌లో చెస్ ఆడేవాళ్లు నాకు చాలామంది తెలుసు. నేనూ వాళ్లలో ఒకణ్ని. మాలో ఎక్కువమందికి గురువు లేడు, టోర్నమెంటు అనుభవం లేదు. ఆట మీద మమకారం మాత్రం నిండుగా ఉంది. ఇన్నేళ్లుగా ఆడుతున్నా రేటింగ్ ఒకచోటే ఎందుకు ఆగిపోతోందని చాలామంది అడుగుతుంటారు. నాకు తోచిన జవాబు ఒక్కటే. మనం ఆడిన ఆటలను మళ్లీ చూడం. ఓడిన ఆటనైతే అసలే చూడం.

ముందు మన ఆటలో ఉన్న మంచి చెప్పుకోవాలి. ఈ మూడు ఊళ్ల ఆటగాళ్లతో ఆడితే మొదట కనిపించేది తెగువ. అవతలివాడి రేటింగ్ చూసి జంకరు. దాడికి దారి దొరికితే ఒక బంటునో గుర్రాన్నో పోగొట్టుకోవడానికి వెనకాడరు. డ్రాకు తొందరగా ఒప్పుకోరు. ఇది చిన్న గుణం కాదు. ఇక్కడికి రెండు గంటల ప్రయాణం లోపే ఉన్న హనుమకొండ కుర్రాడు ఇరిగేశి అర్జున్ ఆటలో కొట్టొచ్చినట్టు కనిపించేదీ ఇదే. నల్లపావులతో ఆడినా గెలుపు కోసమే చూస్తాడు. 2024 సెప్టెంబరులో బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో మూడో బోర్డు మీద 11 ఆటలాడి 10 పాయింట్లు తెచ్చాడు. జట్టుకు స్వర్ణం, తనకూ స్వర్ణం. అదే ఏడాది డిసెంబరులో ప్రపంచ చెస్ సమాఖ్య (ఫిడే) జాబితాలో 2801 రేటింగ్‌తో, విశ్వనాథన్ ఆనంద్ తర్వాత 2800 దాటిన రెండో భారతీయుడయ్యాడు.

అయితే అర్జున్ తెగువ వెనక లెక్క ఉంటుంది. ఎత్తు, దానికి పై ఎత్తు, దానికి మళ్లీ జవాబు చూసుకున్నాకే అతను తెగిస్తాడు. మన తెగువలో ఆ లెక్క పాలు తక్కువ. మనం బాగుపడాల్సిన చోట్లన్నీ ఇక్కడే మొదలవుతాయి.

ఆరంభం చూడండి. నాలుగు ఎత్తుల్లో ఆట కట్టించాలన్న ఆశతో మంత్రిని రెండో మూడో ఎత్తుకే బయటికి తీస్తాం. రాజు పక్కనున్న ఎఫ్7 బంటు మీద ఒంటె, మంత్రి కలిసి గురిపెడతాయి. అవతలివాడు కొత్తవాడైతే ఆట అక్కడే ముగుస్తుంది, మనకు అది ఒక పద్ధతిలా అలవాటైపోతుంది. కాస్త తెలిసినవాడు ఒక బంటును ఒక గడి జరిపి మంత్రిని తరుముతాడు. మంత్రి ఇంకో గడికి పోతుంది, అతని గుర్రం బయటికొస్తుంది. మళ్లీ తరుముతాడు, ఇంకో పావు బయటికొస్తుంది. ఆరో ఎత్తు వచ్చేసరికి అతని పావులు ఒక్కొక్కటే రంగంలోకి దిగి ఉంటాయి, మన వైపు ఒక్క మంత్రే పరుగులు తీస్తుంటుంది. బంటుతో మధ్య గళ్లు పట్టడం, గుర్రాలను, ఒంటెలను బయటికి తేవడం, రాజును కోటలో పెట్టడం... ఈ మూడు పనులయ్యేదాకా మంత్రి ఇంట్లో ఉండటమే మేలు.

మధ్య ఆటలో లోటు వేరు. చెక్ కనిపిస్తే చెప్పేస్తాం. అది ఉపయోగపడేదా, అవతలి రాజును ఇంకా భద్రమైన గడిలోకి నెట్టేదా అని ఆలోచించం. అంతకంటే పెద్ద లోటు, అవతలివాడి ఎత్తును చదవకపోవడం. అతను గుర్రాన్ని ఎందుకు కదిపాడు, ఇప్పుడు దేని మీద గురిపెట్టాడు, ఏ పావుకు కాపలా వదిలేశాడు? ఈ మూడు ప్రశ్నలు వేసుకోవడానికి పది సెకన్లు చాలు. మూడు నిమిషాల ఆటలో ఆ పది సెకన్లే భారమనిపిస్తాయి. అందుకే ఉత్తపుణ్యాన ఏనుగులు, ఒంటెలు పోతుంటాయి.

ఇక చివరి ఘట్టం. మహబూబాబాద్‌లో ఉండే మా మేనల్లుడు ఒక రాత్రి ఫోన్ చేసి, "మామా, గెలిచే ఆట, డ్రా ఎట్లయిందో తెలుస్తలేదు" అన్నాడు. ఆట పంపమన్నాను. బోర్డు మీద అతనికి రాజు, ఒక బంటు ఉన్నాయి. అవతల ఒంటరి రాజు. అతను బంటును ముందుకు తోస్తూ పోయాడు, రాజు వెనక నడిచింది. బంటు ఏడో వరుసకు చేరేసరికి అవతలి రాజు దాని ముందు నిలబడింది. చివరికి కదలడానికి గడి లేక స్టేల్‌మేట్ అయింది. దీనికి సూత్రం చిన్నది. రాజు ముందు నడవాలి, బంటు వెనక రావాలి. మన రాజు ఆరో వరుసలో, దాని వెనకే ఐదో వరుసలో మన బంటు ఉంటే, అది అంచు బంటు కానంతవరకు, ఎత్తు ఎవరిదైనా గెలుపు మనదే. ఈ సంగతి చెప్పగానే వాడు, "ఇంతేనా మామా!" అన్నాడు. ఇంతే. కానీ ఆ ఆటను తెరిచి చూడకపోతే ఈ ఇంత కూడా తెలిసేది కాదు, వచ్చే నెల ఇంకో అరపాయింటు ఇలాగే పోయేది.

ఆ ఆటలో ఇంకొకటి గమనించాను. ఆన్‌లైన్ చెస్ సైట్లు ప్రతి ఎత్తుకూ ఎన్ని సెకన్లు తీసుకున్నామో కూడా రాసి పెడతాయి. ఎలా ఆడినా తేడా రాని ఐదో ఎత్తు దగ్గర మావాడు చాలాసేపు ఆలోచించాడు. గెలుపో డ్రానో తేల్చే ఎత్తుకు మాత్రం సమయం మిగల్లేదు. మన ఆటల్లో ఎక్కువ భాగం ఇలాగే ఉంటాయని నా నమ్మకం. ఎక్కడ ఆగి ఆలోచించాలో తెలియడం కూడా ఆటలో భాగమే. అది సెకన్ల లెక్క తిరగేస్తేనే బోధపడుతుంది.

రాజు, బంట్ల ఆట చిన్నపిల్లల పాఠం అనుకోవద్దు. 2024 డిసెంబరు 12న సింగపూర్‌లో ప్రపంచ కిరీటం చేతులు మారింది దాని మీదే. చెన్నైలో తెలుగు కుటుంబంలో పుట్టిన 18 ఏళ్ల గుకేశ్, అప్పటి ప్రపంచ ఛాంపియన్ డింగ్ లిరెన్‌తో చివరిదైన 14వ ఆట ఆడుతున్నాడు. గుకేశ్‌కు ఒక బంటు ఎక్కువ ఉంది, అయినా డ్రా అయ్యే స్థితే. 55వ ఎత్తులో డింగ్ ఏనుగుల మార్పిడికి సిద్ధపడ్డాడు. ఏనుగులు పోయాయి, వెంటనే గుకేశ్ ఒంటెల మార్పిడీ జరిపించాడు. మిగిలింది రాజులు, బంట్లు. 58వ ఎత్తు దగ్గర డింగ్ ఓటమి ఒప్పుకున్నాడు. అలసిపోయిన గంటల్లో కూడా ఏ పావు మారితే ఏం మిగులుతుందో చూసినవాడు గెలిచాడు. ఆ పోరుకు గుకేశ్‌ను సిద్ధం చేసిన బృందంలో మన గుంటూరు గ్రాండ్‌మాస్టర్ పెంటేల హరికృష్ణ కూడా ఉన్నాడు.

పుస్తకాలు లేవు, ఆరంభాలు తెలియవు అని నిరుత్సాహపడేవాళ్లకు నేను సుల్తాన్ ఖాన్ పేరు చెబుతుంటాను. పంజాబ్ పల్లెలో మన పాత పద్ధతి చదరంగం నేర్చిన మనిషి. ఆ పద్ధతిలో బంటు మొదటి ఎత్తుకు రెండు గళ్లు కదలదు. 1929లో ఇంగ్లండ్ వెళ్లి, ఆరంభాల్లో తడబడుతూనే ఆ ఏడాది, మళ్లీ 1932, 1933లలో బ్రిటిష్ ఛాంపియన్ అయ్యాడు. హేస్టింగ్స్ టోర్నమెంటులో మాజీ ప్రపంచ ఛాంపియన్ కాపబ్లాంకానే ఓడించాడు. అతని బలమంతా ఓపికలో, చివరి ఘట్టంలో ఉంది. మరణించిన ఎన్నో ఏళ్లకు, 2024లో ఫిడే అతనికి గౌరవ గ్రాండ్‌మాస్టర్ హోదా ఇచ్చింది. ఊరు చిన్నదైతే ఆట చిన్నదవదు.

మరి సాధన ఎలా? నేను పాటిస్తున్నది, అడిగినవాళ్లకు చెబుతున్నది ఇదీ. మొదట మూడు నిమిషాల ఆటలు తగ్గించాలి. పావుగంట చొప్పున, ఎత్తుకు పది సెకన్లు కలిసే ఆట రోజుకు ఒకటి ఆడితే చాలు. ఆట అయ్యాక కంప్యూటర్ విశ్లేషణ బటన్ వెంటనే నొక్కకూడదు. ముందు సొంతంగా మొదటి నుంచి తిప్పుకుంటూ రావాలి. ఇక్కడ నేనేమనుకున్నాను? అవతలివాడు ఏం చేశాడు? ఎక్కడ నా అంచనా తప్పింది? కళ్లంలో తాలు ఏరినట్టు ఓపిగ్గా ఏరాలి. ఒక నోటు పుస్తకంలో రెండు మూడు మాటలు రాసుకోవాలి. ఆ తర్వాతే యంత్రాన్ని అడగాలి. స్టాక్‌ఫిష్ లాంటి ఇంజిన్ ఏ ఎత్తు మంచిదో క్షణంలో చెబుతుంది, ఎందుకు మంచిదో చెప్పదు. ఆ 'ఎందుకు' కోసం మనం తిప్పలు పడినప్పుడే ఆట మన బుర్రకెక్కుతుంది.

ఇది నేను కనిపెట్టిన దారి కాదు. 1948లో ప్రపంచ ఛాంపియన్ అయిన మిఖాయిల్ బొత్విన్నిక్ తన శిష్యులకు గట్టిగా చెప్పింది ఇదే. మీ ఆటలను మీరే విశ్లేషించండి, నలుగురికీ చూపించండి, వాళ్లను తప్పులు పట్టనివ్వండి అన్నాడు. ఆయన కాలంలో ఎత్తులన్నీ చేత్తో కాగితం మీద రాసుకోవాల్సి వచ్చేది. మనకు ఆ శ్రమ కూడా లేదు. ఆడిన ప్రతి ఆటా ఎత్తు పొల్లుపోకుండా ఫోన్‌లో భద్రంగా ఉంది. లీచెస్ లాంటి వేదికలో ఆడటం ఉచితం, విశ్లేషణా ఉచితం. చేతిలో ఇంత సంపద పెట్టుకుని గురువు దొరకలేదని బాధపడటం నాకు నచ్చదు. మంచి గురువు దొరికితే అదృష్టమే. దొరికేదాకా మన ఓటములే పాఠం చెబుతాయి.

ఓడిన వెంటనే కసితో ఇంకో ఆట మొదలుపెట్టడం మనందరికీ ఉన్న అలవాటు. ఆ కసిలో ఆడిన రెండో ఆట కూడా పోతుంది, మూడోదీ పోతుంది, రాత్రి పన్నెండు దాటుతుంది. 2024 చివర్లో న్యూయార్క్‌లో జరిగిన ప్రపంచ మహిళల ర్యాపిడ్ పోటీలో కోనేరు హంపి మొదటి రౌండే ఓడిపోయింది. అక్కడి నుంచి నిలదొక్కుకుని 11 రౌండ్లలో ఎనిమిదిన్నర పాయింట్లతో, 2019 తర్వాత రెండోసారి ఛాంపియన్ అయింది. ఓటమిని పక్కన పెట్టి తర్వాతి ఆటకు కొత్తగా కూర్చోగల మనసు ఆమెది. అది సాధనతోనే వస్తుంది.

చివరగా ఒక మనవి. ఈ మూడు ఊళ్లలోనూ గ్రంథాలయాలున్నాయి, బడులున్నాయి, కార్మిక సంఘాల ఆఫీసులున్నాయి. వారానికి ఒక సాయంత్రం అక్కడ రెండు బోర్డులు వేసుకుని నలుగురు కూర్చోండి. కొత్త ఆట ఆడే ముందు, ఆ వారం ఓడిపోయిన ఒక్కో ఆటను ఒక్కొక్కరూ బోర్డు మీద పేర్చి చూపించండి. పిల్లలను పక్కన కూర్చోబెట్టుకోండి, వాళ్లు అడిగే ప్రశ్నలు విసుక్కోకుండా వినండి. అందాకా, ఈ రాత్రి ఫోన్‌లో ఆట ఓడిపోతే 'మళ్లీ ఆడు' అన్న బటన్ నొక్కకండి. ఓడిన ఆటనే మొదటి ఎత్తు నుంచి తెరవండి.