బుడిపెకు ఏడాది గడువు

నేను చూసినంతలో కబడ్డీలో ముక్కు ఎక్కువగా విరిగేది కూతకు వెళ్లినవాడికి కాదు, అతని కాలు అందుకోబోయిన కార్నర్ ఆటగాడికి. చీలమండ పట్టు కోసం తల దించి దూకుతాడు. సరిగ్గా అప్పుడే రైడర్ మోకాలు పైకి లేస్తుంది. పట్టు నేర్పే రోజే తల ఏ పక్కకు తిప్పాలో కూడా నేర్పుతాను. అయినా దెబ్బలు తప్పవు. విరిగిన ముక్కును కాచుకోవడం కూడా కోచ్ విద్యలో భాగమేనని నా నమ్మకం.

ముందు కూర్చోబెట్టి ముందుకు వంచాలి. చుట్టూ ఉన్నవాళ్లు తల వెనక్కి వాల్చమని అరుస్తారు. అలా చేస్తే నెత్తురు గొంతులోకి దిగి కడుపులో తిప్పుతుంది. గుడ్డలో చుట్టిన ఐసు పెడతాం. ముక్కులోంచి నీళ్లలాంటిది కారినా, స్పృహ తప్పినా అది తల దెబ్బ కింద లెక్క, నేరుగా పెద్దాసుపత్రికే.

ఆ రోజే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించాలని నేను పట్టుబట్టేది ఎముక కోసం కాదు. రెండు రంధ్రాల మధ్య గోడలో మృదులాస్థి ఉంటుంది. దానికి సొంత రక్తనాళాలు లేవు, పైనున్న పొరే దాన్ని పోషిస్తుంది. దెబ్బకు ఆ పొర కింద నెత్తురు చేరితే కొద్ది రోజుల్లోనే మృదులాస్థి చచ్చిపోతుంది, చీము పడుతుంది, ఆపైన ముక్కు నడిమికి కుంగుతుంది. ఇది ఎక్స్‌రేలో తెలియదు. లోపలికి లైటు వేసి చూడాలి. వెంటనే గాటుపెట్టి ఆ నెత్తురు తీసేస్తే చాలావరకు ముక్కు దక్కుతుంది.

ఎముక విషయంలో కొంత వ్యవధి ఉంది. వాపు దిగడానికి 3 నుంచి 5 రోజులు పడుతుంది. ముక్కు పక్కకు జరిగిందో లేదో అప్పుడే తేలుతుంది. జరిగితే పెద్దవాళ్లకు రెండు వారాల్లోపు, పిల్లలకు ఇంకా ముందే సరిచేయాలి. దాటిపోతే అలాగే అతుక్కుంటుంది. డాక్టరు పాత ఫొటో అడుగుతారు కాబట్టి ఐడీ కార్డు వెంట పట్టుకెళ్తాను. దెబ్బకు ముందే ముక్కు కాస్త వంకరగా ఉందని చాలామందికి అక్కడే తెలుస్తుంది.

ఇంత చేసినా దూలం మీద బుడిపె మిగలొచ్చు. కొంత వాపు, కొంత మానుతున్న చోట మందమెక్కిన పొర, కొంత అంచు తప్పి అతికిన ఎముక. మొదటి రెండూ నెలల మీద తగ్గుతాయి, మూడోది ఉండిపోతుంది. ఏది ఎంతో మొదటి నెలలో వేలితో తడిమి చెప్పలేం. తల్లులు ఆగలేరు. “పెళ్లి కావాల్సిన పిల్లండీ సార్, ముక్కు మునుపటిలా అవుతుందా?” అని అడుగుతారు. ఆ దిగులును నేను చిన్నచూపు చూడను. పసిబిడ్డకు నలుగుపెట్టి నీళ్లు పోసేటప్పుడు ముక్కు నొక్కి సాగదీస్తే కోటేరులా వస్తుందని నమ్మే ఇళ్లు మనవి. అందుకే విరిగిన ముక్కుకీ రాత్రిళ్లు కొబ్బరినూనె రాసి నొక్కుతారు. డాక్టరు చెప్పకుండా నొక్కొద్దని ప్రతిసారీ గట్టిగా చెబుతాను. కొన్ని వారాల దాకా కళ్లద్దాల బరువు కూడా దూలం మీద పడనివ్వకూడదు.

నేను చూసేది ఊపిరి. ఒక రంధ్రం మూసి రెండోదానితో పీల్చమంటాను, తర్వాత మార్చమంటాను. బుడిపె ఉండి రెండువైపులా గాలి ఆడితే నాకు బెంగ లేదు. ముక్కు చక్కగా కనబడుతూ ఒక పక్క మూసుకుపోయిందంటే మళ్లీ ఆసుపత్రికి పంపుతాను.

2024 యూరో కప్‌లో ఆస్ట్రియాతో ఆడుతూ ముక్కు విరగ్గొట్టుకున్న ఫ్రాన్స్ ఫుట్‌బాల్ ఆటగాడు ఎంబాపె, ఆ టోర్నీలోనే మాస్క్ కట్టుకుని మళ్లీ దిగాడు. మా కుర్రాళ్లు అదే చూపించి త్వరగా ఆడతామంటారు. ఒప్పుకోను. ఒకరి మీద ఒకరు పడి పట్టే ఆట మనది. కనీసం ఆరు వారాలు పరుగూ కాళ్ల కసరత్తూ మాత్రమే.

మా జట్టులో రైట్ కార్నర్ ఆడే అమ్మాయికి ఏడాది దాటినా బుడిపె నిలిచింది. ఇక తగ్గదు, కావాలంటే ఆపరేషన్ చేసి సరిచేయొచ్చని డాక్టరు చెప్పారు. ఆట ఎన్నాళ్లు ఆపాలని అడిగింది. నెలల మాట వినగానే, సీజన్ అయ్యాక ఆలోచిస్తానంది.