సొంత గదికి తాళం ఎవరి దగ్గరుంది?

ఎం.ఏ.లో వర్జీనియా వూల్ఫ్ 'ఎ రూమ్ ఆఫ్ వన్స్ ఓన్' మాకు పాఠ్యగ్రంథం. స్త్రీ రాయాలంటే సొంత గదీ, కొంత డబ్బూ ఉండాలన్నది పుస్తక సారాంశమని మాస్టారు బోర్డు మీద రాశారు. మేమూ పరీక్షలో అదే రాసి మార్కులు తెచ్చుకున్నాం. ఆ పాఠం విన్న సాయంత్రం లైబ్రరీలో కూర్చుని నోట్సు రాసుకుంటున్నాను. ఆరున్నర కాగానే పుస్తకాలు సర్దుకుని లేచాను. ఏడింటికల్లా హాస్టల్ రిజిస్టర్లో సంతకం పెట్టాలి. మా క్లాసు అబ్బాయిలు అప్పుడే టీ తాగి వచ్చి ఎదుటి బల్ల దగ్గర కూర్చుంటున్నారు. మెట్లు దిగుతుంటే అనిపించింది, ఈ పుస్తకంలో గది కన్నా ముందు గేటు ఉంది కదా, దాని గురించి క్లాసులో ఎవరం మాట్లాడలేదేమిటని.

వూల్ఫ్ 1928 అక్టోబరులో కేంబ్రిడ్జిలోని రెండు స్త్రీల కళాశాలలు న్యూనమ్, గిర్టన్‌లలో చేసిన ప్రసంగాల నుంచి ఈ పుస్తకం పుట్టింది. అప్పటికి అక్కడ ఆడపిల్లలు చదువుతున్నారు, పరీక్షలు రాస్తున్నారు. కానీ మగవాళ్లతో సమానంగా పూర్తి డిగ్రీ ఇవ్వడానికి కేంబ్రిడ్జి 1948 దాకా ఒప్పుకోలేదు. పుస్తకంలో కథకురాలు ఆలోచనలో పడి పచ్చిక మీద నడుస్తుంటే కళాశాల ఉద్యోగి ఒకడు వచ్చి ఆపుతాడు. ఆ గడ్డి మీద నడిచే అర్హత ఫెలోలకూ స్కాలర్లకే. ఆ గాభరాలో ఆమె ఆలోచన కాస్తా జారిపోతుంది. తర్వాత గ్రంథాలయం గుమ్మంలో ఇంకొకాయన అడ్డం నిలబడతాడు. ఫెలో ఎవరైనా వెంట రావాలి, లేదా పరిచయ లేఖ ఉండాలి, అప్పుడే స్త్రీలకు ప్రవేశం.

ఈ ఘట్టాన్ని పాతకాలపు వింతగా చదివి నవ్వుకున్నాం. నిజమే, మమ్మల్ని లైబ్రరీ గుమ్మంలో ఎవరూ ఆపలేదు. అందుకు మా ముందుతరం స్త్రీలకు రుణపడి ఉన్నాం. మమ్మల్ని ఆపింది గడియారం. యూనివర్సిటీ చదువులో సగం సిలబస్‌లో ఉండదు. సెమినార్ అయ్యాక సాగే చర్చ, టీ కొట్టు దగ్గర వాదన, పోస్టర్లు రాసుకునే రాత్రి, ఇవన్నీ చీకటి పడ్డాకే మొదలవుతాయి. ఒకసారి సెమినార్ వల్ల ఇరవై నిమిషాలు ఆలస్యంగా వెళ్తే హాస్టల్ వాళ్లు మా నాన్నకు ఫోన్ చేశారు. నాన్న కోప్పడలేదు. "ఈ చదువు ఎప్పటికి అయిపోతుందమ్మా?" అని మాత్రం అడిగారు. ఆ తర్వాత సెమినార్లలో వెనక వరుసలో, తలుపు పక్కన కూర్చోవడం అలవాటయింది. ప్రశ్న అడగాలనిపిస్తే ముందు గడియారం చూసేదాన్ని. వూల్ఫ్ కథకురాలి ఆలోచన ఎలా జారిపోయిందో నాకు అప్పుడు అర్థమయింది.

మన క్యాంపస్ కథనాల్లో ఈ గడియారం చప్పుడు వినిపించదు. 2007లో వచ్చిన శేఖర్ కమ్ముల సినిమా 'హ్యాపీడేస్' మా తరానికి కాలేజీ అంటే ఇదీ అని చూపించింది. ఎంతో ఇష్టంగా చూశాం. ఇప్పుడు తలచుకుంటే అది చందూ, అతని మిత్రుల కథ. అమ్మాయిలు చాలావరకు వాళ్ల ప్రేమకథల ద్వారానే మనకు తెలుస్తారు. ఉద్యమాల జ్ఞాపకం కూడా ఇలాగే ఉంది. ఉస్మానియా విద్యార్థి నాయకుడు జార్జి రెడ్డి 1972 ఏప్రిల్ 14న క్యాంపస్‌లోనే హత్యకు గురయ్యాడు. అతని మీద 2019లో సినిమా వచ్చింది, రావాల్సిందే. అదే యూనివర్సిటీ విద్యార్థినులు ముందుండి 1974లో ప్రగతిశీల మహిళా సంఘం పెట్టారు. వరకట్నం మీద, వీధుల్లో వేధింపుల మీద, అశ్లీల పోస్టర్ల మీద పోరాడారు. 1975 ఎమర్జెన్సీ నిర్బంధం వాళ్లను చెదరగొట్టింది. ఆ అమ్మాయిలు ఏ గేటు దాటి మీటింగులకు వెళ్లారో, ఇంటికి ఏం చెప్పారో మన క్యాంపస్ కథల్లోకి రానే లేదు.

ఇంతవరకూ వూల్ఫ్ నాకు తోడుగా నడిచింది. ఇక్కడి నుంచి ఆమెతో తగాదా. ఆ తగాదా నాకు నేర్పింది పిహెచ్.డి. రోజుల్లో నా రూమ్మేట్. నల్లగొండ జిల్లా దళిత కుటుంబం నుంచి వచ్చింది. ఆరో తరగతి నుంచి సాంఘిక సంక్షేమ హాస్టళ్లలోనే పెరిగింది. 2015లో ఢిల్లీ విద్యార్థినులు 'పింజ్రా తోడ్' పేరుతో హాస్టల్ వేళల మీద ఉద్యమం మొదలుపెట్టినప్పుడు, మేమూ మా హాస్టల్లో ఒక వినతిపత్రం రాశాం. సంతకం పెట్టమని కాగితం ఆమె మంచం మీద పెట్టాను. చదివి పక్కన పెట్టింది.

"నువ్వు సంతకం పెడితే మీ నాయనకు ఫోన్ పోతదక్కా. నేను పెడితే నా మంచం పోతది. మా ఇంట్ల ఉన్నది ఒక్కటే అర్ర. నేను సదువుకున్నదంతా హాస్టళ్లల్లనే" అంది.

నాకు కోపం వచ్చింది. పిరికితనం అనుకున్నాను. రెండు రోజులు సరిగా మాట్లాడలేదు కూడా.

2016 జనవరి వచ్చింది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థులను హాస్టల్ నుంచి బహిష్కరించారు. వాళ్లు ఆరుబయట 'వెలివాడ' కట్టుకుని ఉన్నారు. జనవరి 17న రోహిత్ వేముల చనిపోయాడు. తనకు ఏడు నెలల ఫెలోషిప్ రావాల్సి ఉందని అతని చివరి ఉత్తరంలో ఉంది. వూల్ఫ్ అడిగినవి రెండే, గదీ డబ్బూ. ఆ రెండూ ఒక విద్యార్థి దగ్గర నుంచి ఎలా వెనక్కి పోతాయో కళ్లముందు కనిపించింది. ఆ రాత్రి రూమ్మేట్‌కి క్షమాపణ చెప్పాను. "ఇప్పుడు సమజయిందా?" అని మాత్రం అంది.

తర్వాత ఆ పుస్తకం మళ్లీ తెరిస్తే, మొదటిసారి పట్టించుకోని ఒక వివరం ఆపేసింది. కథకురాలికి ఏడాదికి ఐదు వందల పౌండ్లు ఆమె అత్త వీలునామా వల్ల వస్తాయి. ఆ అత్త చనిపోయింది బొంబాయిలో, గుర్రం మీద నుంచి పడి. అప్పుడు బొంబాయి బ్రిటిష్ ఏలుబడిలో ఉంది. అక్కడ ఇంగ్లీషు దొరసానుల గుర్రాలు తోమినవాళ్ల ఆడపిల్లలకు ఏ వీలునామా వస్తుంది? వూల్ఫ్ ఆ ప్రశ్న వేసుకోలేదు. మగవాళ్ల కళాశాల విందునూ స్త్రీల కళాశాల చప్పిడి భోజనాన్నీ పక్కపక్కన పెట్టి పేదరికం గురించి అంత సూటిగా మాట్లాడిన మనిషే, తన డబ్బు దారిని మాత్రం వెతకలేదు. నేనూ అంతే. మా నాన్న ఫోన్ ఒక్కటే నాకు పెద్ద శిక్షగా కనిపించింది.

అయినా ఈ పుస్తకాన్ని పక్కన పెట్టమని అనను. గేటు ముందు ఆగిపోయిన ఆలోచనకు కూడా చరిత్ర ఉంటుందని అది నేర్పింది. 2016లో నోటిఫై అయిన యు.జి.సి. నిబంధనలు, రక్షణ పేరు చెప్పి స్త్రీల హాస్టళ్లలో వివక్షతో కూడిన నియమాలు పెట్టకూడదని స్పష్టంగా అన్నాయి. నిబంధన కాగితం మీదకు వచ్చింది. హాస్టల్ రిజిస్టర్‌ను ఎవరు అడగాలి, అడిగితే ఎవరి మంచం పోతుంది అన్నది మనం మాట్లాడుకోవాల్సిన విషయం. ఆ తేడాను దాటేసి 'విద్యార్థినులు' అని ఒక్కమాటలో అనేయడం విమర్శకులుగా మనం చేస్తున్న పొరపాటు.

నా రూమ్మేట్ ఇప్పుడు ఒక డిగ్రీ కాలేజీలో పాఠం చెబుతోంది. అద్దె గది కోసం తిరిగితే మూడు చోట్ల కులం అడిగారట. నాలుగో చోట దొరికింది. "తాళంచెవి నా దగ్గర్నే ఉందక్కా, గని ఇంటామె దగ్గర ఇంకోటి ఉన్నది" అని ఫోన్లో నవ్వింది. ఆరో తరగతి హాస్టల్ నుంచి ఆ గది దాకా నడిచినదంతా రాయమని వెంటపడుతున్నాను. సెలవుల్లో చూద్దామంటోంది.