పేలుడుకు కాదు, గుంజుడుకు తెగే కడ్డీ

ఇంజిన్‌లో పిస్టన్‌ని క్రాంక్‌తో కలిపే కనెక్టింగ్ రాడ్ ఎందుకు విరుగుతుందని అడగండి. పైన పెట్రోలు మండి పిస్టన్‌ని కిందికి గట్టిగా తోస్తుంది కదా, ఆ దెబ్బకే విరుగుతుందంటారు చాలామంది. నిజానికి ఆ తోపును ఉక్కు కడ్డీ బాగానే ఓర్చుకుంటుంది. పెట్రోలు ఇంజిన్‌ని బాగా వేగంగా తిప్పినప్పుడు రాడ్డు ప్రాణం తీసేది గుంజుడు.

అది ఎక్కడ పుడుతుందంటే, మండిన పొగను బయటికి గెంటే స్ట్రోక్ చివర. పిస్టన్ పైకి దూసుకెళ్తుంటుంది. ఎగ్జాస్ట్ వాల్వ్ తెరిచే ఉంటుంది కాబట్టి దానికి పైనుంచి అడ్డుపడే ఒత్తిడి దాదాపు లేదు. అంత వేగంతో పోతున్నదాన్ని నిలబెట్టి మళ్లీ కిందికి లాగాల్సిన భారమంతా రాడ్డుదే. లెక్క వేసి చూద్దాం. స్ట్రోక్ 80 మి.మీ., రాడ్డు రెండు రంధ్రాల మధ్య దూరం 140 మి.మీ., పిన్ను రింగులతో కలిపి పిస్టన్ బరువు 400 గ్రాములు అనుకుంటే, 6,000 ఆర్‌పీఎం దగ్గర పై అంచున పిస్టన్ త్వరణం భూమ్యాకర్షణకు 2,000 రెట్లు దాటుతుంది. అంటే ఆ 400 గ్రాములు 800 కిలోల పైచిలుకు బరువై రాడ్డును గుంజుతాయి. అదీ నిమిషానికి 3,000 సార్లు. చేలో పిట్టల్ని తోలే వడిసెల తిప్పినవాళ్లకు ఈ సంగతి చేతికే తెలుసు: వేగం రెట్టింపైతే లాగుడు రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. పై ఇంజిన్‌నే 12,000 దాకా తిప్పగలిగితే గుంజుడు మూడు టన్నులు దాటిపోతుంది.

ఇంజిన్ శక్తి అంటే టార్క్‌ని ఆర్‌పీఎంతో గుణించడమే. ఎంత ఆర్‌పీఎం దాకా ధైర్యంగా తిప్పొచ్చో చాలావరకు తేల్చేది రాడ్డు, దాని బోల్టులు. రాడ్డు స్వయంగా శక్తిని పుట్టించదు, ఇంజిన్‌కి గీత గీస్తుంది.

మన రోడ్ల మీదే దీనికి రెండు సాక్ష్యాలున్నాయి. మద్రాసులో 1955లో మొదలైన ఎన్‌ఫీల్డ్ ఇండియా దశాబ్దాల పాటు చేసిన పాత ఇనుప ఇంజిన్ బుల్లెట్ 350 ఒకటి. దాని బోరు 70 మి.మీ., స్ట్రోక్ 90. శక్తి 18 బీహెచ్‌పీ, అదీ 5,600 ఆర్‌పీఎం ప్రాంతంలో. రెండోది 373 సీసీల కేటీఎం డ్యూక్ 390. బోరు 89, స్ట్రోక్ 60, శక్తి 43, 9,000 ప్రాంతంలో. పరిమాణంలో పెద్ద తేడా లేదు, శక్తి మాత్రం రెండింతల పైమాటే. విచిత్రమేమంటే ఆ ఆర్‌పీఎంల దగ్గర పిస్టన్ల సగటు వేగం రెంటికీ దాదాపు సమానం: బుల్లెట్‌కి సెకనుకు 17 మీటర్లు, డ్యూక్‌కి 18. తేడా ఆగి తిరగడంలో ఉంది. డ్యూక్ పిస్టన్ అంతే వేగాన్ని అందుకుని, ఆగి, మళ్లీ వెనక్కి తిరగడానికి తక్కువ దూరం, తక్కువ సమయం దొరుకుతాయి. త్వరణం లెక్కిస్తే బుల్లెట్ కన్నా సుమారు 1.7 రెట్లు. ఆ అదనపు గుంజుడును తట్టుకునే రాడ్డు, తేలికైన పిస్టన్ చేయగలిగారు కాబట్టే ఆ 9,000 సాధ్యమైంది.

పాత బుల్లెట్ రాడ్డును తక్కువ చేసి చూడకూడదు. అది అల్యూమినియం మిశ్రమలోహంతో చేసిన రాడ్డు, క్రాంక్ వైపు పెద్ద రంధ్రంలో రోలర్ బేరింగ్ బదులు నూనె పొర మీద తేలే బుష్. అల్యూమినియానికి ఒక దుర్గుణం ఉంది. ఉక్కు మీద ఒత్తిడి ఒక హద్దు లోపల ఉంటే ఎన్ని కోట్ల సార్లు లాగినా అలసిపోదు. అల్యూమినియానికి అలాంటి హద్దు లేదు, ప్రతి లాగుడూ దాని ఆయుష్షులోంచి కొంత తీసుకుంటుంది. అందుకే డ్రాగ్ రేసుల వాళ్లు అల్యూమినియం రాడ్లు వాడినా గడువు లెక్కబెట్టి మార్చేస్తుంటారు. బుల్లెట్ నెమ్మదిగా తిరిగే బండి కావడం వల్ల ఆ ఖాతా చాలా మెల్లగా ఖర్చయింది. దాని బలహీనత రాడ్డులో కన్నా కింది బుష్‌లో ఉండేది. నూనె సరిగా అందకపోతే ముందు పోయేది అదే. ఇంజిన్ వేడెక్కే దాకా రేజ్ చేయొద్దని పాత మెకానిక్కులు పోరు పెట్టేది చాదస్తం కాదన్నమాట.

ఇక రాడ్డు పొడవు. ట్యూనింగ్ చేసేవాళ్ల మధ్య ఎన్నటికీ తెగని వాదమిది. ఎంత పొడుగు రాడ్డు పడితే అంత మంచిదని అమెరికా రేసు మెకానిక్ స్మోకీ యూనిక్ గట్టిగా నమ్మాడు. పొడుగు రాడ్డు తక్కువ వాలుతుంది, కాబట్టి పిస్టన్ సిలిండర్ గోడను తక్కువ ఒరుసుకుంటుంది. పై అంచు దగ్గర పిస్టన్ కాస్త ఎక్కువసేపు నిలుస్తుంది. ఇంతవరకు ఒప్పుకోవాల్సిందే. కానీ మన 140 మి.మీ. రాడ్డును 160 చేస్తే గరిష్ఠ త్వరణం తగ్గేది 3 శాతం లోపే. పిస్టన్ బరువు పదో వంతు తగ్గిస్తే దాని గుంజుడూ పదో వంతు తగ్గుతుంది. పైగా పొడుగు రాడ్డు తానే బరువు, దానికోసం ఇంజిన్ ఎత్తూ పెంచాలి. శక్తి కోసం రాడ్డు పొడవు వెంట పడటం నా దృష్టిలో దండగ. అది నిజంగా పనికొచ్చేది మరోచోట. వరస నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో క్రాంక్ ఒక చుట్టు తిరిగేలోపు రెండుసార్లు వచ్చే సన్నని వణుకు పుట్టేదే రాడ్డు వాలుతుంది కాబట్టి. ఆ వణుకును చంపడానికే బ్రిటిష్ ఇంజినీర్ లాంచెస్టర్ ఎదురెదురుగా తిరిగే బరువు షాఫ్టులు కనిపెట్టాడు. పైన చెప్పిన 20 మి.మీ. పొడవు ఆ వణుకును ఎనిమిదో వంతు తగ్గిస్తుంది.

రాడ్డు అడ్డకోత ఐ ఆకారమా, హెచ్ ఆకారమా అన్నదాని మీద కూడా చాలా మాటలు ఖర్చయ్యాయి. హెచ్ రాడ్లకు పేరు తెచ్చింది 1963లో కాలిఫోర్నియాలో పని మొదలుపెట్టిన ఫ్రెడ్ కారిల్లో. రెండింట్లో ఏదైనా బాగా చేస్తే నిలుస్తుంది. అసలు పనితనం కంటికి కనిపించని చోట ఉంది. దెబ్బతో అచ్చులో సాగదీసిన రాడ్డుకు పక్కల ఒక అతుకు గీత మిగులుతుంది. పగులు మొదలయ్యేది ఇలాంటి గీతల దగ్గరే. పాతకాలపు ట్యూనర్లు దాన్ని అరగదీసి నునుపు చేసేవారు, అదీ నిలువునా మాత్రమే. అడ్డంగా రాస్తే ప్రతి గాటూ కొత్త పగులుకు దారి చూపుతుంది. తర్వాత సన్నని ఉక్కు గుళ్లతో ఉపరితలాన్నంతా కొట్టిస్తారు. దాంతో పైపొర లోలోపల నొక్కుకుపోయి ఉంటుంది, గుంజినప్పుడు పగులు నోరు తెరుచుకోదు.

తూకం కూడా ఒక విద్యే. నాలుగు రాడ్లూ సమానంగా తూగితే చాలదు. కింది కొన క్రాంక్‌తో పాటు గుండ్రంగా తిరుగుతుంది, పై కొన పిస్టన్‌తో పైకీ కిందికీ ఆడుతుంది. అందుకని ఒక కొనను వేలాడదీసి రెండోదాన్ని త్రాసు మీద పెట్టి విడివిడిగా సరిచూస్తారు. బోల్టులనైతే మంచి పనివాళ్లు టార్క్ రెంచ్‌ని నమ్మి బిగించరు, బోల్టు ఎంత సాగిందో మైక్రోమీటర్‌తో కొలిచి బిగిస్తారు. ముందే తగినంత సాగి ఉన్న బోల్టు పిస్టన్ గుంజుడును పెద్దగా పట్టించుకోదు. వదులైనది ప్రతి చుట్టుకూ వంగి లేచి అలసిపోతుంది.

ఇప్పటి కార్ల రాడ్లలో కింది మూతను కోయరు, లేజర్‌తో గాటు పెట్టి ఒక్క దెబ్బతో విరుస్తారు. ఆ విరుగు గరుకు దాని జతకే సరిపోతుంది, మరో రాడ్డు మూత పట్టదు. టైటానియం దారి ఇంకొకటి: 1990లో వచ్చిన హోండా ఎన్‌ఎస్‌ఎక్స్, ఆ రాడ్లు వాడిన మొదటి ఉత్పత్తి కారు, 8,000 దాకా తిరిగేది. ధర మాట అడగొద్దు.

మన ఊళ్లలో రాడ్డు గొడవ ఎక్కువగా వినిపించేది వానాకాలంలో, అప్పుడు శత్రువు గుంజుడు కాదు, తోపే. నడుములోతు నీళ్లలో కారు నడిపితే ఎయిర్ ఫిల్టర్ లోంచి సిలిండర్‌లోకి నీళ్లు పోతాయి. నీరు గాలిలా నలగదు. పైకి వచ్చే పిస్టన్ దాన్ని ఢీకొని ఆగుతుంది, కింద క్రాంక్ ఆగదు, మధ్యలో రాడ్డు వంగుతుంది. ఒక్కోసారి రెండు మిల్లీమీటర్లే వంగుతుంది, బండి మళ్లీ స్టార్ట్ కూడా అవుతుంది. కానీ 80 మి.మీ. స్ట్రోక్‌తో 10:1 కంప్రెషన్ ఉన్న సిలిండర్‌లో రాడ్డు 2 మి.మీ. పొట్టిదైతే కంప్రెషన్ 8.3 దాకా పడిపోతుంది. ఆ సిలిండర్ నీరసంగా పనిచేస్తుంది, పిస్టన్ ఒక పక్కకు ఒరుసుకుంటుంది, వంగినచోట పగులు పెరుగుతూ పోయి ఏదో ఒకనాడు విరిగిన ముక్క బ్లాక్‌ని చీల్చుకుని బయటికొస్తుంది. అందుకే నీళ్లలో ఆగిపోయిన బండికి స్టార్టర్ నొక్కకూడదు. ప్లగ్గులు ఊడదీసి, క్రాంక్‌ని చేత్తో తిప్పి నీళ్లు కక్కించాలి. ఆ తర్వాత గేజ్ పెట్టి అన్ని సిలిండర్ల కంప్రెషన్ చూడాలి. ఒకటి తక్కువ చూపిస్తే హెడ్ విప్పి, పిస్టన్లు ఎంతెంత పైకి వస్తున్నాయో డయల్ గేజ్‌తో కొలిపించాలి.