ముందు తూకం, తర్వాతే స్టీరింగ్

ఇక్కడ టెక్సస్‌లో కొత్తగా మోటర్‌హోమ్ కొన్న తెలుగువాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "అన్నా, బండి అటూ ఇటూ పోతోంది, ఏ స్టీరింగ్ డాంపర్ వేయించమంటావు?" ఏదీ వద్దు తమ్ముడూ, ముందు తూకం వేయించు అంటాను. చాలామందికి ఆ మాట నచ్చదు.

వాళ్ల కష్టం తెలియనిది కాదు. అమరిల్లో దాటాక ఐ-40 మీద అడ్డగాలి కొడుతుంది. పక్కనుంచి పెద్ద ట్రక్కు దాటితే బండిని ముందు బయటికి నెట్టి, మరుక్షణం తనవైపు లాక్కుంటుంది. తిన్నని రోడ్డు మీద కూడా స్టీరింగ్ చక్రాన్ని దిద్దుతూనే ఉండాలి. సాయంత్రానికి భుజాలు పడిపోతాయి.

ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్ అనే వేబ్రిడ్జి ఉంటుంది. ప్రయాణానికి సర్దినట్టే నీళ్లు, సామాను, మనుషులతో ఎక్కిస్తే ముందు ఇరుసు మీద ఎంతుందో, వెనక ఎంతుందో విడిగా చెబుతుంది. ఫోర్డ్ ఈ-450 ఛాసిస్ మీద కట్టిన ఇళ్లలో చాలావాటికి వెనక చక్రాలు దాటాక కూడా గది చాలా దూరం సాగుతుంది. 40 గాలన్ల నీళ్ల ట్యాంకు అక్కడే ఉంటే, నిండినప్పుడు దాదాపు 150 కిలోలు. ఆ బరువు తోకను కిందికి నొక్కి ముందు ఇరుసును తేలిక చేస్తుంది. తేలికైన ముందు చక్రాలు రోడ్డును ఏం పట్టుకుంటాయి? బరువైన సామానును ఇరుసుల మధ్యకు మారిస్తే చాలాసార్లు సగం బాధ అక్కడే పోతుంది.

టైర్లలో గాలి కూడా ఆ తూకాన్ని బట్టే. టైరు పక్కన అచ్చేసిన గరిష్ఠ అంకె దాకా కొట్టించేవాళ్లే ఎక్కువ. టైరు కంపెనీ పట్టికలో మీ బరువుకు ఎంత రాసుందో అంతే కొట్టించండి. ఎక్కువైతే టైరు నడిమి భాగమే ఆని బండి తేలిపోతుంది.

అప్పుడు అలైన్‌మెంట్, అదీ నిండు బరువుతో. ఛాసిస్ ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చేసరికి దాని మీద ఇల్లు ఉండదు. ఇల్లెక్కాక ముందు భాగం ఎత్తు మారుతుంది, ఈ-450లో ఎత్తు మారితే చక్రాల కోణాలూ మారతాయి. నేను పట్టుబట్టేది క్యాస్టర్ అనే వాలు కోణం గురించి. సైకిల్ ముందు ఫోర్కు వెనక్కి వాలి ఉండటం వల్ల కూడా కదా చేతులు వదిలినా అది తిన్నగా పోయేది! అదే వాలు ఇక్కడా కావాలి. కొలత "పరిధిలోనే ఉంది" అని మెకానిక్ అంటే ఊరుకోకండి, అంకె అడగండి. ఈ బండ్లు నడిపే చాలామంది 5 డిగ్రీల దగ్గర పెట్టించుకుంటారు. బుష్ మారిస్తే వస్తుంది.

ఇంజిన్ ఆన్‌లో ఉంచి, ఒకరు స్టీరింగ్ చక్రాన్ని కొద్దిగా ఆడిస్తుంటే మరొకరు కింద టై రాడ్ కీళ్లను చూడాలి. అరిగినవి మార్చాలి. స్టీరింగ్ గేర్‌బాక్స్ స్క్రూ బిగించి లూజు తగ్గిస్తామనేవాళ్లకి మాత్రం బండి ఇవ్వకండి. అతిగా బిగిస్తే మలుపు తర్వాత చక్రం తిరిగి నడిమికి రాదు.

ఇవన్నీ అయ్యాక డాంపర్ వేయించుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ముందు టైరు పేలినప్పుడు చక్రం ఒక్కసారిగా గుంజకుండా అది కాస్త ఆపుతుంది.