కర్ర గజం, ఉక్కు గజం, చెంబెడు నీళ్లు

ఇనుముకు నీళ్లు తగలనివ్వకూడదన్న హితవు ఈ వారం మళ్లీ చెవిన పడింది. మూతి నుంచి మందు దట్టించే పాత రైఫిల్‌ను కాల్చాక నూనె గుడ్డతోనే తుడవాలట, లోపలికి నీటి చుక్క పోతే గొట్టం పాడవుతుందట. వినడానికి సబబుగా ఉండే ఈ మాట మంచి గొట్టాలను తినేస్తుంది. ఆ నల్ల తుపాకిమందులో 75 పాళ్లు సురేకారం, 15 పాళ్లు బొగ్గు, 10 పాళ్లు గంధకం. అది కాలినప్పుడు ఏమవుతుందో 1875లో ఆండ్రూ నోబుల్, ఫ్రెడరిక్ ఏబెల్ కొలిచి చెప్పారు. బరువులో సగానికి పైగా, సుమారు 56 శాతం, వాయువుగా మారదు. అందులో కొంత తెల్లటి పొగలో కలిసి మూతి దాటిపోతుంది, మిగిలింది గొట్టం గోడలకు అంటుకుంటుంది. ఆ మడ్డిలో ఎక్కువ భాగం పొటాషియం లవణాలే. వాటిలో ముఖ్యమైన కార్బనేట్, కట్టెల పొయ్యి ఉన్న రోజుల్లో మన ఇళ్లలో అంట్లు తోమిన బూడిదలోని క్షారమే. గాలిలో తేమ 43 శాతం దాటితే అది తనంతట తానే నీరు పీల్చుకుని చెమ్మగిల్లుతుంది. కాకినాడలోనో విశాఖలోనో అంతకన్నా పొడిగా ఉండే రోజు అరుదు. అంటే నీళ్లు పోయకుండా కాపాడామనుకున్న గొట్టంలోకి ఆ రాత్రే నీరు చేరుతుంది, అదీ ఉప్పునీరు.

నూనె ఉప్పును కరిగించదు. ఆవకాయ కలిపిన ఏ ఇల్లాలినడిగినా చెబుతుంది: తొలిరోజు ఉప్పు నూనెలో పలుకుగానే ఉంటుంది, ముక్కలోంచి ఊట దిగాకే కరుగుతుంది. గొట్టంలో నూనె గుడ్డ చేసేదీ అంతే. ఉప్పు పైన నూనె పూత వేసి బయటికి వస్తుంది, లోపల ఉప్పూ ఇనుమూ ఒకదాన్నొకటి అంటిపెట్టుకునే ఉంటాయి. అదే నీళ్లు పోస్తే మడ్డి నిమిషాల్లో కరిగి నల్లగా కారిపోతుంది. కుళ్లిన గుడ్డు వాసన వస్తే బెదరక్కర్లేదు, అది సల్ఫైడ్ వదులుతున్న గుర్తు. నీళ్లు కూడా తుప్పు పట్టిస్తాయి కదా అన్న అభ్యంతరం న్యాయమైనదే. కానీ మనం పోసిన నీళ్లు గొట్టంలో ఉండేది పది నిమిషాలు. పొడిగుడ్డలు పొడిగానే తిరిగి వచ్చేదాకా తుడిచి, ఆపైన నూనె రాస్తే వాటి పని అయిపోయినట్టే. ఉప్పు అలా కాదు, తీసేదాకా ఉంటుంది. మరిగే నీళ్లు పోస్తే గొట్టం వేడెక్కి తనే ఆరిపోతుందని పాతవాళ్లు చాలామంది అంటారు. ఆ వేడికే లోపల పలచని ఎర్రతుప్పు క్షణాల్లో ఎక్కుతుంది గనుక గోరువెచ్చని నీళ్లే మేలని నా మాట. నూనె అవసరమే, అయితే అది కడగడానికి కాదు, కడిగాక కాపాడడానికి.

ఈ మడ్డి ఎంత పెద్ద సంగతో మన చరిత్రే చెబుతుంది. 1857 అనగానే కొవ్వు రాసిన తూటాలు గుర్తొస్తాయి, ఆవు కొవ్వా పంది కొవ్వా అన్న అనుమానం గుర్తొస్తుంది. అసలు ఆ తూటాకు కొవ్వెందుకు అన్న ప్రశ్న మాత్రం ఎవరూ వేయరు. 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిల్ గొట్టం వ్యాసం 0.577 అంగుళాలు, తొలి గుండు వ్యాసం 0.568. రెంటి మధ్య ఎడం పావు మిల్లీమీటరు కూడా లేదు. కొన్ని సార్లు కాల్చేసరికి ఆ ఎడం మడ్డితో నిండి, గుండు కిందికి దిగనని మొరాయిస్తుంది. మడ్డి గట్టిపడకుండా, గుండు జారేలా కాగితపు తూటా చివర కొవ్వు పట్టించారు. తర్వాత గుండునే 0.55 అంగుళాలకు తగ్గించారు. ఏప్రిల్ 24న మీరట్‌లో 90 మందిలో 85 మంది సిపాయిలు తూటాలు ముట్టబోమన్నారు. మే 10న తిరుగుబాటు రేగింది. దానికి కారణాలు ఎన్నో, రాజ్యాలు పోగొట్టుకున్నవాళ్ల బాధ మొదలుకొని. అయినా ఆ కొవ్వును తూటా మీదికి తెచ్చింది మాత్రం గొట్టంలో పేరుకునే ఈ మడ్డే. దాన్ని కడగడానికి ఆ సైన్యం వాడినవి నీళ్లే.

ఇక గజం. మందునూ గుండునూ దట్టించే కడ్డీని మన పాతవాళ్లు అన్న పేరు అదే. కర్ర పనిముట్టు మీద నాకున్న మక్కువ ఈ శీర్షిక చదివేవారికి తెలిసిందే. ఇక్కడా మొదట కర్ర వైపే మొగ్గాను. అమెరికా వాళ్ల పొడుగు రైఫిళ్లకు హికరీ కర్ర గజాలు ఉండేవి, కర్ర మెత్తన కాబట్టి గొట్టంలోని మెలితిరిగిన గాడులను గీరదు అన్నది వాదన. ఉక్కు పక్షం వాళ్లు 1741 ఏప్రిల్ 10 నాటి మోల్విట్జ్ యుద్ధాన్ని ముందుకు తెస్తారు. ప్రష్యా సైనికులకు డెసావు లియోపోల్డ్ అలవాటు చేసిన ఇనుప గజాలుండగా, ఎదుట ఆస్ట్రియా వాళ్లవి విరిగే కర్ర గజాలు. అక్కడి ప్రష్యా గెలుపు రైఫిల్‌కు సాక్ష్యం కాదు. ఆ తుపాకుల గొట్టాలు నున్నటివి, అరగడానికి గాడులే లేవు. అక్కడ కావలసింది వేగం. కాబట్టి కర్రే గెలిచిందనుకున్నాను.

అయితే మెత్తనిది గీరదన్న మాటనే పరీక్షించాలి. గొట్టం లోపలి భాగాన్ని నునుపు చేసేటప్పుడు తుపాకి పనివాళ్లు ఒక కడ్డీ చివర సీసం పోతపోసి, దానికి కురువిందపు పొడి రాసి తోస్తారు. సీసం మెత్తన కాబట్టి పొడి అందులో దిగి నిలుస్తుంది, అరిగేది గట్టి ఉక్కు. దుమ్ము పట్టిన కర్ర గజం, ఇత్తడి గజం, అల్యూమినియం గజం చేసే పనీ అదే. నున్నటి గట్టి ఉక్కు మీద ఇసుక నిలవదు, ఒక్క తుడుపుకు పోతుంది. పైగా పైనుంచి తోసినప్పుడు కర్ర విల్లులా వంగి మూతి అంచును ఒక్క పక్కనే రాస్తుంది. గుండు గొట్టాన్ని చివరగా తాకే చోటు అది. అక్కడ ఒక పక్క అరిగితే వాయువు ఒక పక్క ముందు తప్పించుకుంటుంది, గుండు దారి తప్పుతుంది. అందుకే కడిగేటప్పుడు ఉక్కు గజం, మూతికి తొడిగి గజాన్ని నడిమధ్యన నిలిపే ఇత్తడి తొడుగు ఉండాలంటాను. గట్టి ఉక్కు మూతిని కోయదా అంటే, తాకనిస్తే కోస్తుంది. ఆ తొడుగు ఉన్నది తాకనివ్వకుండా ఉండడానికే. నీళ్లతో మడ్డి కరిగాక బలంగా రుద్దే పనీ లేదు.

మరి కర్ర గజాన్ని పారేయాలా? అక్కర్లేదు. కొనేటప్పుడు దాని పోగు ఒక కొస నుంచి మరో కొసదాకా తెగకుండా సాగిందో లేదో చూడాలి. రంపంతో కోసినదాని కన్నా పోగు వెంట చీల్చి చెక్కినది మేలు. పోగు పక్కకు జారిన చోట కర్ర ఏటవాలుగా విరిగి, ఆ మొన అరచేతిలో దిగుతుంది. పై కొసను పట్టుకుని ఒక్కసారి నెట్టకూడదు. మూతి దగ్గర పట్టుకుని జానెడు జానెడుగా దించాలి. దాని మీద రెండు గీతలు గీయాలి, ఖాళీ గొట్టంలో ఎంత దిగుతుందో ఒకటి, మందూ గుండూ ఉన్నప్పుడు ఎంత దిగుతుందో ఒకటి. గుండు మందు మీద ఆనకుండా మధ్యలో ఆగితే గొట్టం ఉబ్బవచ్చు, పగలవచ్చు, ఆ సంగతి చెప్పేది రెండో గీత. నీళ్ల చెంబు చేతిలోకి తీసుకునే ముందు చూడవలసింది మొదటి గీత. గజం దానిదాకా దిగకపోతే లోపల గుండు ఉన్నట్టే.