రెండు ఫోటోల మధ్య తప్పు

చంద్రగిరి రాజమహల్ ఎదుట ఒక చెట్టు ముందు నిలబడి, ఎడమకాలి మీద బరువు వేసి ఒక ఫోటో, కుడికాలి మీదికి ఒరిగి ఇంకో ఫోటో తీస్తే స్టీరియో జంట తయారవుతుంది. ఎడమదాన్ని ఎడమకన్ను, కుడిదాన్ని కుడికన్ను ఒకేసారి చూస్తే దృశ్యం లోతుగా కనిపిస్తుంది. అందుకు ఫోన్ చాలు. కష్టమంతా ఆ తర్వాతే. విడివిడిగా చూస్తే రెండూ చక్కగానే ఉంటాయి. తప్పు ఎడమదానిలోనూ ఉండదు, కుడిదానిలోనూ ఉండదు. రెంటికీ పొత్తు కుదరని చోట ఉంటుంది. ఒక్కో ఫోటో అందం చూసుకునే కంటికి అది దొరకదు.

పిల్లలు చూడమని ఇచ్చే జంటల్లో నేను మొదట వెతికేది కుడిఎడమల తారుమారు. అది జరిగితే వెనకున్న మహల్ ముందుకొచ్చి, చెట్టు దాని గోడలో గుంటలా పడుతుంది. దీన్ని పట్టడానికి, ఒక్కో కంటికి ఒక్కో ఫోటో చూపే స్టీరియోస్కోప్ అక్కర్లేదు. చెట్టు మొదలును, వెనక కొండమీద ఒక గుర్తును ఎంచుకోండి. ఎడమకంటి ఫోటోలో మొదలు ఆ గుర్తుకు ఎక్కువ కుడివైపున ఉండాలి. లేకపోతే ఫోటోల చోట్లు మార్చాలి.

తర్వాత ఎత్తు. మన కళ్లు పక్కలకు సర్దుకుంటాయి గానీ ఒకటి పైకి, ఒకటి కిందికి చూడలేవు. చెయ్యి కాస్త దిగినా చూసేవాళ్లకు తలనొప్పే. అదృష్టం కొద్దీ కంప్యూటర్లో సరిచేయొచ్చు. రెండు ఫోటోలకూ మధ్య మనం జరిగిన దూరాన్ని మాత్రం ఇంటికొచ్చాక మార్చలేం. అన్నిటికన్నా దగ్గరున్న వస్తువు దూరంలో ముప్ఫయ్యో వంతు జరగాలని పాత లెక్క. మూడు మీటర్ల దూరంలోని చెట్టుకు 10 సెంటీమీటర్లు. ముందు ఏమీ లేకుండా 60 మీటర్ల నుంచి మహల్ ఒక్కటే తీస్తే రెండు మీటర్లు. మోతాదు మించితే అంత మూడంతస్తుల కట్టడమూ బొమ్మల కొలువులోని గుడిలా చిన్నదైపోతుంది.

సరిచేయలేనిది ఇంకొకటి ఉంది, కాలం. తలకోన జలపాతాన్ని తీస్తే బండలు లోతుగా నిలుస్తాయి, నీటిధార మాత్రం ఏ లోతులోనూ కుదురుకోదు. ఎడమకన్ను చూసిన తుంపర కుడికంటికి లేదు మరి. రెండు ఫోన్లు ఒకే పట్టీకి బిగించి ఒకేసారి నొక్కడమే దారి.

ఈ చిక్కు ఆకాశంలోనూ తప్పదు. ఇప్పుడు మన తిరుపతి జిల్లాలో ఉన్న శ్రీహరికోట నుంచి 2005 మే 5న ఎగిరిన కార్టోశాట్-1 స్టీరియో జంటల కోసమే తయారైన ఉపగ్రహం. దాని కెమెరాల్లో ఒకటి 26 డిగ్రీలు ముందుకు, రెండోది 5 డిగ్రీలు వెనక్కి వంగి, ఒకే నేలను సుమారు 52 సెకన్ల తేడాతో తీశాయి. ఆ లోపు కొండ కదలదు. మేఘం కదులుతుంది, కదిలిన దిశను బట్టి దాని ఎత్తు లెక్క తప్పుతుంది. రోడ్డు మీది లారీ రెండో చిత్రంలో మొదటి చోట ఉండనే ఉండదు.

చాలామంది గమనించకుండా వదిలేసేది అంచు. ముందుకు పొడుచుకొచ్చిన కొమ్మను చట్రం పక్కన సగంలో కోసేస్తే, కొమ్మ ముందుందా చట్రం ముందుందా అని కన్ను తేల్చుకోలేదు. ఎడమ ఫోటోకు ఎడమ అంచు, కుడి ఫోటోకు కుడి అంచు సమానంగా కాస్త కత్తిరించండి. కొమ్మతో సహా దృశ్యమంతా చట్రం అవతలికి జరుగుతుంది.