అతుకేసిన గుడ్డు

నా బల్ల సొరుగులో, దూది మీద, ఒక గుడ్డు డొల్ల ఉంది. రెండు కొసలా సూదితో పొడిచి సొన ఊదేసి, పెంకు మాత్రం దాచుకున్నాను. మా పెరట్లో తిరిగే అయిదు పెట్టల్లో నల్లపెట్ట పెట్టిన గుడ్డు అది. చూడగానే మెచ్చుకునేట్టు ఉండదు. నడుం చుట్టూ మొలతాడు కట్టినట్టు గట్టు తేలి, దాన్నుంచి సన్నటి గీతలు అటూ ఇటూ పాకి ఉంటాయి. దీపానికి అడ్డం పెడితే సంగతి తెలుస్తుంది. ఆ గీతలన్నీ పగుళ్లు. ఈ పెంకు ఒకసారి పగిలింది. పగిలింది కోడి కడుపులోనే, మళ్లీ సున్నం పట్టి అతుక్కున్నదీ అక్కడే.

ఎప్పుడు పగిలి ఉంటుందో కూడా చెప్పగలను. ముందురోజు మునిమాపు వేళ ముంగిస ఒకటి గూటి దాకా వచ్చింది. పెట్టలన్నీ రెక్కలు టపటపలాడిస్తూ గూడంతా అదరగొట్టాయి. మర్నాడు పొద్దున పడాల్సిన గుడ్డుకి ఆ వేళకి పెంకు అప్పుడప్పుడే కడుతూ ఉంటుంది. బెదురుకి లోపలి కండరం ఒక్కసారిగా బిగుసుకుంటే ఆ పలుచటి పెంకు తట్టుకోలేదు, నడుం దగ్గర చిట్లుతుంది. అయినా పని ఆగదు. తెల్లవార్లూ పగుళ్ల మీద పొర మీద పొర పడుతూనే ఉంటుంది. పొద్దున నా చేతికొచ్చిన గుడ్డులోంచి ఒక్క చుక్క కారలేదు.

నున్నగా, నిండుగా వచ్చిన గుడ్డు తన తయారీ గురించి ఏమీ చెప్పదు. ఆరితేరిన నేతగాడి చీరలో పోగు ముడి కనబడదు కదా, ఇదీ అంతే. ఎక్కడో చెయ్యి జారిన గుడ్డు దొరికినప్పుడే ఆ పనితనం ఎంతటిదో నాకు తెలిసొచ్చింది.

కోడిపెట్టకి సొన తయారయ్యే అండాశయం, గుడ్డు దిగే గొట్టం ఎడమవైపువే ఎదిగి పనికొస్తాయి. పచ్చసొన ఆ గొట్టం నోట్లో పడ్డప్పటి నుంచి గుడ్డు బయటకి రావడానికి 24 నుంచి 26 గంటలు. తెల్లసొన పట్టడానికి సుమారు 3 గంటలు, లోపలి రెండు పొరలకి గంటా గంటంబావు. మిగిలిన వేళలో ఇంచుమించు 20 గంటలు పెంకు పనికే పోతాయి.

సొన విడివడే తీరు చూడండి. ఎదుగుతున్న పచ్చసొనని ఒక సంచి పట్టుకుని ఉంటుంది, దాని నిండా నెత్తుటి నాళాలు అల్లుకుని ఉంటాయి. ఒక్క సన్నటి గీత వెంట మాత్రం నాళాలు దాదాపు ఉండవు. సంచి సరిగ్గా ఆ గీత మీదే చిరుగుతుంది, నెత్తురు చిందకుండా సొన జారుతుంది. ఆ చిరుగు కాస్త పక్కకి పోయినా, చిన్న నాళం ఒకటి తెగినా, గుడ్డులో ఎర్రటి చుక్క మిగులుతుంది. పిల్ల కట్టిన గుడ్డని చాలామంది పారబోస్తారు. పుంజు మొహం చూడని పెట్ట గుడ్డులోనూ ఆ చుక్క ఉండొచ్చు.

కొత్తగా గుడ్లకొచ్చిన పెట్టలకి ఒక్కోసారి రెండు సొనలు వెంటవెంటనే జారతాయి. గొట్టం రెంటినీ కలిపి ఒకే పెంకులో పెడుతుంది. సొన బదులు ఏ చిన్న కండ పీచో లోపల పడితే, దాని చుట్టూనే తెల్లసొన పట్టి, పొరలు చుట్టి, పెంకు కట్టి, పిచ్చుక గుడ్డంత గుడ్డు పంపుతుంది. పగలగొడితే పచ్చసొన ఉండదు. యూరప్‌లో ఇలాంటివి పుంజులు పెట్టిన గుడ్లనుకునేవారు. ఇప్పటి స్విట్జర్లాండ్‌లోని బాసెల్ పట్టణంలో 1474లో గుడ్డు పెట్టిందన్న నేరానికి ఒక పుంజుని విచారించి తగలబెట్టారు. ఆ పుంజుని తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

పెంకు పని దగ్గర మాత్రం ఎంతసేపు నిలబడ్డా తనివి తీరదు. పొరలు చుట్టుకుని వచ్చిన గుడ్డు మొదట ముడతలు పడ్డ వదులు సంచిలా ఉంటుంది. సున్నం చిక్కబడేలోపు అది నీళ్లు పీల్చుకుని బిగుతుగా ఉబ్బాలి. గోడకి పూత పెట్టేముందు మేస్త్రీ గోడ చదును చేసుకున్నట్టే ఇది. తెల్లసొన పలచనై సరిగ్గా ఉబ్బకపోతే, ముడతల మీదే పెంకు కట్టి గరుకు గీతల గుడ్డు వస్తుంది. ఆ పెంకులో సుమారు 95 పాళ్లు కాల్షియం కార్బొనేట్, అంటే మన సున్నపురాయే. మందం మిల్లీమీటరులో మూడో వంతు. అందులో కంటికి ఆనని రంధ్రాలు వేలల్లో ఉంటాయి, లోపలి పిల్లకి గాలి అందేది వాటిలోంచే. ఒక్క పెంకుకి 2 గ్రాముల దాకా కాల్షియం కావాలి. పెట్ట నెత్తురులో ఏ క్షణాన చూసినా అందులో చిన్న పిసరే ఉంటుంది. పైగా పని చాలావరకు జరిగేది రాత్రిపూట, మేత లేనప్పుడు. అందుకే గుడ్లకొచ్చే ముందే పెట్ట తన ఎముకల బోలులో మెత్తటి ఎముకని నిల్వ పెట్టుకుంటుంది. రాత్రి దాన్ని కరిగించి వాడుకుంటుంది, పగలు తిని మళ్లీ నింపుకుంటుంది.

రోహిణి కార్తెలో పెట్టలు నోరు తెరిచి రొప్పడం చూస్తుంటాం. ఆ రొప్పుడుకి ఒంట్లో బొగ్గుపులుసు గాలి తగ్గిపోతుంది. పెంకులో కాల్షియంతో కలవాల్సింది అదే కనక పెంకు పలచబడుతుంది, అప్పుడప్పుడూ ఉత్త పొరతో తోలుగుడ్డు పడుతుంది. ఒకటీ అరా పడితే కంగారు అక్కర్లేదు. నీడ, చల్లటి నీళ్లు, మేత పక్కన విడిగా నలగ్గొట్టిన ఆల్చిప్పలు పెడితే చాలావరకు సర్దుకుంటుంది. నాలుగైదు పెట్టలు వరసగా తోలుగుడ్లు పెడుతూ, గుడ్లు తగ్గి, గురగురలాడుతూ తుమ్ముతుంటే మాత్రం ముచ్చటగా చూస్తూ కూర్చోకూడదు. కొక్కెర తెగులు కావచ్చు, ఇంకో అంటురోగం కావచ్చు. ఆ రోజే పశువైద్యుడికి చూపించాలి.

మా ఇంట్లో ఆల్చిప్పలు ఇప్పుడు సాయంత్రమే వేస్తున్నాం, రాత్రి పని మొదలయ్యే వేళకి కడుపులో ఉండాలని. చీకటి పడ్డాక గూటి వైపు టార్చిలైటు వేయడం మానేశాం. ముంగిస దూరకుండా గూటికి ఇనపజాలీ కొట్టించాం.

ఆ అతుకుల గుడ్డు పెట్టాక నల్లపెట్ట ఒకరోజు ఆగి మళ్లీ పెట్టింది. ఈ కొత్త గుడ్డుని దీపానికి అడ్డం పెట్టి నాలుగు వైపులా తిప్పి చూశాను. గట్టు లేదు, గీత లేదు. ఏ పెట్టదో చెప్పకపోతే ఎవరూ పోల్చలేరు.